సముద్రపు నీళ్లతో పొగలో గంధకం కడిగే పద్ధతి: నల్లగొండ దిక్కు నడుస్తదా? లెక్కలతో చెప్పండి

1. మిర్యాల మెకానికల్

సముద్రం ఒడ్డున ఉన్న థర్మల్ స్టేషన్లల్ల సున్నపురాయి ఏమీ కలపకుండా, ఉత్త సముద్రపు నీళ్లు చల్లి పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను 90 శాతం పైన తీసేస్తరని చదివిన. మనకు దామరచర్ల దగ్గర 5 × 800 మెగావాట్ల యాదాద్రి స్టేషన్ ఉంది, పక్కనే కృష్ణ ఉంది. నా ప్రశ్నలు మూడు.

సముద్రపు నీళ్లల్ల గంధకాన్ని పట్టేది ఏంది, ఉప్పేనా? ఉప్పే అయితే మన నీళ్లల్ల ఉప్పు కలిపి ఇక్కడ కూడా చేయొచ్చు కదా? కడిగినంక ఆ ఆమ్లపు నీళ్లు ఏడికి పోతయి?

సెమినార్ కోసం అడుగుతున్న. పైపైన కాకుండా అంకెలతో చెప్తే మేలు.

2. వాడపల్లి గట్టు

తమ్మీ, ఉప్పుకు ఈ పనిలో చెయ్యే లేదు. చాలామంది అక్కడనే తప్పుతరు కాబట్టి మొదలు అదే తేల్చుకుందాం.

సముద్రపు నీళ్లల్ల లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలు ఉంటయి. అందులో సోడియం క్లోరైడే ఎక్కువ, అది ఆమ్లాన్ని తాకను కూడా తాకదు. పని చేసేది బైకార్బొనేట్. అది చాలా తక్కువ, లీటరుకు 2.3 మిల్లీ ఈక్వివలెంట్ల ఆల్కలినిటీ (ఆమ్లాన్ని పట్టే శక్తి) మాత్రమే. కాల్షియం కార్బొనేట్ లెక్కన చూస్తే 115 మి.గ్రా. ఈ చిటికెడు బైకార్బొనేటే నీళ్లను పీహెచ్ 8.1, 8.2 దగ్గర నిలబెడ్తది.

వరుస ఇది. సల్ఫర్ డయాక్సైడ్ నీళ్లల్ల కరిగితే బైసల్ఫైట్, దాంతోపాటు ఒక హైడ్రోజన్ అయాన్ వస్తయి. ఆ హైడ్రోజన్‌ను బైకార్బొనేట్ పట్టుకొని కార్బన్ డయాక్సైడ్, నీళ్లు అయితది. బైసల్ఫైట్‌కు ఆక్సిజన్ తగిలితే సల్ఫేట్ అయితది, అప్పుడు ఇంకో హైడ్రోజన్ బయటపడ్తది. దాన్ని పట్టడానికి ఇంకో బైకార్బొనేట్ కావాలె. అంటే ఒక అణువు సల్ఫర్ డయాక్సైడ్‌కు రెండు బైకార్బొనేట్లు ఖర్చు.

ఇక అంకెలు. 2.3ను రెండుతో భాగిస్తే 1.15 మిల్లీమోల్. దాన్ని 64తో గుణిస్తే ఒక లీటరు సముద్రపు నీళ్లు మోయగలిగేది సుమారు 74 మి.గ్రా. సల్ఫర్ డయాక్సైడ్. అంతే. తిరగేసి చూస్తే ఒక టన్ను సల్ఫర్ డయాక్సైడ్‌కు 13,600 ఘనమీటర్ల నీళ్లు. ఈ అంకె రాసిపెట్టుకో, తర్వాత వచ్చే ప్రతి లెక్కకూ ఇదే ఆధారం.

ఆ 74 మి.గ్రా. చివరకు 111 మి.గ్రా. సల్ఫేట్ అయితది. సముద్రంలో సల్ఫేట్ ముందే లీటరుకు 2,700 మి.గ్రా. ఉంటది. పెరిగేది 4 శాతం. సముద్రానికి గంధకం కొత్త పదార్థం కాదు, అందుకే ఈ పద్ధతి అక్కడ చెల్లుబాటు అయితది. అదే 111 మి.గ్రా. మంచినీటి చెరువుల కలిస్తే కథ వేరే.

3. మిర్యాల మెకానికల్

అంటే ఉప్పు బదులు వంటసోడా కలపాలన్నమాట?

4. పాలమూరు ల్యాబ్

అవును, చాలా తక్కువ. లీటరుకు 0.2 గ్రాముల సోడియం బైకార్బొనేట్ వేస్తే సముద్రపు ఆల్కలినిటీ వచ్చేస్తుంది. కానీ అంతకన్నా ముందు మీ ఇంటి బోరు నీళ్లు పరీక్ష చేయండి, ఆశ్చర్యపోతారు.

100 మి.లీ. నమూనా తీసుకోండి. రెండు చుక్కల మిథైల్ ఆరెంజ్ వేసి, 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో టైట్రేషన్ చేయండి. పసుపు పోయి నారింజ రంగు తిరిగే చోట, పీహెచ్ మీటరు ఉంటే 4.5 దగ్గర, ఆపండి. ఖర్చైన మి.లీ.ని 10తో గుణిస్తే కాల్షియం కార్బొనేట్ లెక్కన ఆల్కలినిటీ. సముద్రపు నీటికి 11.5 మి.లీ. పడుతుంది. నల్లగొండ ఫ్లోరైడ్ పల్లెల బోరు నీటికి 30, 40 మి.లీ. పట్టడం మామూలే. మన దగ్గర ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లలో కాల్షియం తక్కువ, బైకార్బొనేట్ ఎక్కువ. రాతిలోని ఫ్లోరైడ్ కరిగి నీళ్లలో నిలిచి ఉండడానికి అదే కారణం.

అంటే ఆమ్లాన్ని పట్టే శక్తిలో మర్రిగూడ దిక్కు బోరు నీళ్లు లీటరుకు లీటరు చూస్తే సముద్రం కన్నా మూడింతలు గట్టివి.

5. దేవరకొండ డిప్లొమా

అక్కా, అట్లయితే సముద్రంతో పనేముంది? కృష్ణ నీళ్లతోనో బోర్లతోనో ఇక్కడనే కడగొచ్చు కదా?

6. వాడపల్లి గట్టు

గుణం చాలదు, పరిమాణం కావాలె. ఒక 800 మెగావాట్ల యూనిట్ తీసుకుందాం.

ఫుల్ లోడ్‌లో బొగ్గు గంటకు 500 టన్నులు అనుకో. గంధకం 0.5 శాతం పెడ్దాం. గంధకం 2.5 టన్నులు, అది కాలితే సల్ఫర్ డయాక్సైడ్ 5 టన్నులు. కొంచెం బూడిదల ఉండిపోతది, పొగలోకి 4.75 టన్నులు వస్తది. పొగ గంటకు సుమారు 27 లక్షల నార్మల్ ఘనమీటర్లు, కాబట్టి గాఢత ఘనమీటరుకు 1,760 మి.గ్రా. 2015 డిసెంబర్ నోటిఫికేషన్ ప్రకారం 2017 జనవరి నుంచి వచ్చే యూనిట్లకు హద్దు 100 మి.గ్రా. అంటే 94 శాతం పైన తీయాలె, గంటకు 4.5 టన్నులు.

4.5ను 13,600తో గుణిస్తే గంటకు 61,200 ఘనమీటర్లు. సెకనుకు 17 ఘనమీటర్లు. మన భాషల 600 క్యూసెక్కులు, ఒక్క యూనిట్‌కు. ఐదు యూనిట్లకు 3,000 క్యూసెక్కులు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ హెడ్ దగ్గర డిజైన్ 11,000 క్యూసెక్కులు. అందులో నాలుగో వంతు కన్నా ఎక్కువ నీళ్లు రాత్రింబవళ్లు, ఎండాకాలం కూడా, పొగ కడగడానికే పోవాలె.

కృష్ణ నీళ్లల్ల ఆల్కలినిటీ 150 ఉందని పెట్టినా ఐదు యూనిట్లకు 2,300 క్యూసెక్కుల దగ్గర ఆగుతది. బోర్లంటవా, 400 ఆల్కలినిటీ ఉన్న నీళ్లయినా ఒక్క యూనిట్‌కే గంటకు 17,600 ఘనమీటర్లు కావాలె. గంటకు 10 ఘనమీటర్లు పోసే మంచి బోర్లు 1,760. తాగనీకి నీళ్లు లేని జిల్లాల ఆ మాట ఎత్తనే వద్దు.

నీటి నిబంధన ఇంకో దిక్కు ఉంది. కొత్త థర్మల్ స్టేషన్ మొత్తం వాడకం మెగావాట్ గంటకు 3 ఘనమీటర్లు దాటొద్దు. 800 మెగావాట్లకు 2,400 ఘనమీటర్లు. కూలింగ్ టవర్, బూడిద, తాగునీరు అన్నీ అందులోనే. 61,200 ఏడ, 2,400 ఏడ!

వాడిన నీళ్లు తిరిగి నదిల వదిలితే, ఆ 150 ఆల్కలినిటీ లెక్కన లీటరుకు 144 మి.గ్రా. సల్ఫేట్ ఎక్కువైతది. తాగునీటి ప్రమాణంలో కోరదగిన హద్దు 200, వేరే ఆధారం లేకుంటే 400. దామరచర్ల కింద పులిచింతల ఉంది, దాని కింద తాగే ఊళ్లున్నయి.

7. మిర్యాల మెకానికల్

మరి సముద్రం ఒడ్డున 61,200 ఘనమీటర్లు ఎట్ల తెస్తరు సార్? అంత పంపింగ్ ఖర్చుకు సున్నపురాయే అగ్గువ కాదా?

8. తీరం షిఫ్ట్

తేవాల్సిన పని లేదు, ఆ నీళ్లు ముందే ప్లాంట్‌లో తిరుగుతున్నాయి. ఈ పద్ధతి కిటుకంతా అక్కడుంది.

ఒడ్డున ఉన్న స్టేషన్లు కండెన్సర్‌ను (టర్బైన్ దాటిన ఆవిరిని నీళ్లుగా మార్చే చోటు) సముద్రపు నీటితో చల్లబరిచి, ఒకసారి వాడి వదిలేస్తాయి. వేడి పెరుగుదల 7 డిగ్రీల్లో ఉంచాలంటే 800 మెగావాట్లకు గంటకు సుమారు 1,20,000 ఘనమీటర్లు పారాలి. పొగ కడగడానికి కావలసిన దానికి ఇది రెట్టింపు. కండెన్సర్ దాటి సముద్రంలోకి పోయే నీళ్లనే మధ్యలో పట్టుకుంటారు. ట్రాంబేలో టాటా పవర్, దహానులో 2 × 250 మెగావాట్లు ఈ దారిలో నడిచినవే.

పొగ ఎటు పోతుందో చూద్దాం. ఈఎస్పీ (కరెంటుతో బూడిద పట్టే యంత్రం) దాటాక పొగను లాగే ఐడీ ఫ్యాన్, ముందుకు నెట్టే బూస్టర్ ఫ్యాన్. తర్వాత జీజీహెచ్, అంటే పొగనుంచి పొగకే వేడి మార్చే తిరుగుడు చక్రం. 130 డిగ్రీల పొగ అక్కడ 85, 90కి దిగుతుంది. అబ్జార్బర్‌లో, అంటే పొగను కడిగే టవర్‌లో, కింద నుంచి పైకి పోతుంది, పైనుంచి నీళ్లు పడతాయి. కొన్నిచోట్ల ప్లాస్టిక్ ప్యాకింగ్ మీదుగా జారుతాయి, కొన్నిచోట్ల ఉత్త స్ప్రే. పైన తుంపర పట్టే మిస్ట్ ఎలిమినేటర్. మళ్లీ జీజీహెచ్‌లో 80 దాకా వేడెక్కి చిమ్నీకి.

నీటిది వేరే దారి. కండెన్సర్ అవుట్‌లెట్‌లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పంపులు అబ్జార్బర్ పైకి ఎత్తుతాయి. మిగతాది నేరుగా ఏరేషన్ బేసిన్‌కు, అంటే నీటిలోకి గాలి కొట్టే తొట్టికి. అబ్జార్బర్ అడుగున నీళ్లు పీహెచ్ 2.5, 3 దగ్గర బయటికి వస్తాయి. అవి బేసిన్ మొదట్లోనే తాజా నీటితో కలవాలి, గాలి ఆ తర్వాతే. కలపకుండా గాలి కొడితే కరిగిన సల్ఫర్ డయాక్సైడ్ తిరిగి ఆవిరై పైకి లేస్తుంది. బేసిన్ చుట్టూ ఘాటు వాసన, గొంతు మంట. చిమ్నీలో తీసింది నేల మట్టంలో వదిలినట్టు అవుతుంది. గాలి బుడగలు వదిలే డిఫ్యూజర్ల మొదటి వరుస మిక్సింగ్ ముగిసిన చోటు కన్నా ముందుంటే ఇదే జరుగుతుంది.

గాలికి రెండు పనులు. సల్ఫైట్‌ను సల్ఫేట్ చేయడం ఒకటి. కిలో సల్ఫర్ డయాక్సైడ్‌కు పావు కిలో ఆక్సిజన్, అంటే ఇక్కడ గంటకు 1,125 కిలోలు. వెచ్చని సముద్రపు నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 6 మి.గ్రా. అటూఇటూ ఉంటుంది, 1,20,000 ఘనమీటర్లలో మొత్తం 720 కిలోలు. గాలి కొట్టకపోతే ఉన్నదంతా ఊడ్చేసినా చాలదు, అవుట్‌ఫాల్ (నీళ్లు సముద్రంలో కలిసే చోటు) దగ్గర చేపలకు ఊపిరాడదు. రెండో పని కార్బన్ డయాక్సైడ్‌ను తరిమేయడం, దీనికే ఎక్కువ గాలి కావాలి. మన లెక్కలో సగం బైకార్బొనేట్ ఖర్చయి, లీటరుకు 1.1 మిల్లీమోల్ మిగులుతుంది, దాదాపు అంతే కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. ఆ స్థితిలో పీహెచ్ 5.8. ఉత్సర్గానికి 6.5 కావాలి. అందుకు కార్బన్ డయాక్సైడ్ ఐదో వంతుకు తగ్గాలి. దీనికి గంటకు లక్ష ఘనమీటర్లకు పైగా గాలి పడుతుంది. బ్లోయర్ల కరెంటు బిల్లు ఇక్కడిదే.

9. తీరం షిఫ్ట్

పాడయ్యేవి వేరే పోస్టులో పెడుతున్నాను, ఎందుకంటే ఈ వ్యవస్థలో రసాయన శాస్త్రం సులువు, లోహమే కష్టం.

వేడి, క్లోరైడ్, ఆమ్లం, మూడూ ఒకచోట కలిసే జాగా అబ్జార్బర్ ఇన్‌లెట్ డక్ట్. అక్కడ ఒక క్షణం తడి, ఒక క్షణం పొడి. తడి ఆరినప్పుడల్లా క్లోరైడ్ గాఢత పెరుగుతూ పోతుంది. 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు అక్కడ పిన్ను గుచ్చినట్టు చిల్లులు పడుతుంది. సీ-276 లాంటి నికెల్ మిశ్రమలోహమో టైటానియమో పెట్టాలి. అబ్జార్బర్ ఒంటికి కాంక్రీటు మీద గానీ ఉక్కు మీద గానీ గ్లాస్ ఫ్లేక్ వినైల్ ఎస్టర్ పూత. పైపులు ఎఫ్‌ఆర్‌పీ, అంటే గాజునార ప్లాస్టిక్. పూత వేసేటప్పుడు ఉపరితలం తేమగా ఉంటే ఆరు నెలల్లో బుడగలు లేస్తాయి, కాబట్టి డీహ్యుమిడిఫయర్ లేకుండా ఆ పని మొదలుపెట్టనివ్వకండి. పూత అయ్యాక, దాంట్లో సన్న రంధ్రాలు పట్టే స్పార్క్ టెస్ట్ తప్పనిసరి.

ప్యాకింగ్, మిస్ట్ ఎలిమినేటర్ పాలీప్రొపిలీన్. ఎయిర్ ప్రీహీటర్ ఆగి పొగ వేడెక్కితే, లేదా నీటి పంపులు అన్నీ ఒకేసారి ట్రిప్ అయితే అవి మెత్తబడి కూలిపోతాయి. పొగను వెంటనే చల్లార్చే అత్యవసర క్వెంచ్ నీళ్లు పంపుల కరెంటు మీద ఆధారపడకూడదు. పైన ట్యాంకు పెట్టి వాలు మీద దిగేలా ఉండాలి. పొగను అబ్జార్బర్‌లోకి పోకుండా పక్కకు మళ్లించే బైపాస్ డ్యాంపర్ తెరుచుకునే సమయాన్ని ప్రతి ఓవర్‌హాల్‌లో గడియారం పెట్టి చూడాలి.

ఆల్చిప్పలు, బార్నకిల్స్ సంగతి. కండెన్సర్ కోసం క్లోరిన్ వేస్తారు కాబట్టి అబ్జార్బర్ దాకా కొంత రక్షణ ఉంటుంది. అయినా పైపుల్లో పెరిగిన గుల్లలు ఊడివచ్చి నాజిళ్లలో ఇరుక్కుంటాయి. ఒక మూల నాజిళ్లు మూసుకుపోతే పొగ ఆ మూల నుంచే కడగబడకుండా పైకి పోతుంది. మొత్తం నీటి ప్రవాహం బాగానే కనిపిస్తుంది, చిమ్నీ రీడింగ్ మాత్రం పెరుగుతుంది. అప్పుడు నీళ్లు పెంచితే లాభం లేదు. నాజిల్ హెడర్ల ఒత్తిడి ఒక్కొక్కటిగా చూడండి. ఒక మంచి సంగతి, బేసిన్‌లోకి వచ్చే సల్ఫైట్ మిగిలిన క్లోరిన్‌ను చంపేస్తుంది. కూలింగ్ నీటిలో 0.5 మి.గ్రా. ఫ్రీ క్లోరిన్ హద్దు దాటే బెడద ఇక్కడ తక్కువ.

మిస్ట్ ఎలిమినేటర్‌ను సముద్రపు నీటితోనే కడిగితే ఉప్పు పేరుకుంటుంది. చివరి వాష్ మంచినీటితో ఉండాలి. లేకపోతే ఉప్పు తుంపర జీజీహెచ్ పలకల మీద ఎండి, పీడన నష్టం వారం వారం పెరుగుతుంది.

10. పాలమూరు ల్యాబ్

తీరం షిఫ్ట్ గారు బేసిన్ గురించి చెప్పినదానికి ఒక జాగ్రత్త చేర్చాలి. పీహెచ్ ఎక్కడ కొలుస్తున్నారన్నది చాలా ముఖ్యం.

మిక్సింగ్ అయిన వెంటనే మీటరు 6 పైన చూపించవచ్చు. అప్పటికి బైసల్ఫైట్ ఇంకా బైసల్ఫైట్‌గానే ఉంది, రెండో హైడ్రోజన్ బయటికి రాలేదు. గాలి తగిలేకొద్దీ అది సల్ఫేట్ అవుతూ ఆమ్లం వదులుతుంది, పీహెచ్ దిగుతుంది. అదే సమయంలో కార్బన్ డయాక్సైడ్ పోతూ పీహెచ్‌ను పైకి లాగుతుంది. రెండూ పోటీ పడతాయి. ఆక్సీకరణ బేసిన్‌లో పూర్తి కాకపోతే కాలువలో, అవుట్‌ఫాల్ దాటాక కూడా సాగుతుంది. మీ మీటరు 6.5 చూపిస్తుంటే సముద్రంలో 6.2 ఉండవచ్చు, ఆక్సిజన్ కూడా పడిపోతూ ఉంటుంది.

అందుకే అవుట్‌లెట్ నమూనాలో పీహెచ్‌తో పాటు మిగిలిన సల్ఫైట్ కూడా చూడాలి. అయోడైడ్, అయోడేట్, స్టార్చ్ పద్ధతిలో పది నిమిషాల పని. నమూనా సీసాను నిండా నింపి, బుడగ లేకుండా మూత పెట్టండి. సగం నింపి ఊపుకుంటూ తెస్తే ల్యాబ్‌కు వచ్చేలోపు సల్ఫైట్ మాయమవుతుంది, రిపోర్టు అందంగా వస్తుంది, అది నిజం కాదు.

ఇంకొకటి, బూడిద. ఈ పద్ధతిలో కడిగినదంతా సముద్రానికే పోతుంది. ఈఎస్పీలో ఒక ఫీల్డ్ పడిపోతే జారిపోయిన ధూళి, దాంతో ఉన్న పాదరసం, ఆర్సెనిక్, సెలీనియం అన్నీ నీళ్లలోకి దిగుతాయి. సున్నపురాయి పద్ధతిలో అవి జిప్సంలోనో మురుగులోనో ఒక చోట దొరుకుతాయి. ఇక్కడ 1,20,000 ఘనమీటర్లలో పలచబడి చేతికందవు. పలచబడ్డాయి కాబట్టి పర్వాలేదనే వాదన నాకు ఒప్పదు. పాదరసం ఆల్చిప్పల్లో, చేపల్లో పోగవుతుంది. ఈఎస్పీ సరిగా లేనప్పుడు సముద్రపు స్క్రబ్బర్ నడపడాన్ని పర్యావరణ రక్షణ అని పిలవకూడదు.

11. దేవరకొండ డిప్లొమా

విశాఖ దగ్గరి సింహాద్రి థర్మల్ స్టేషన్ల కూడా సముద్రపు నీళ్లే కదా, కానీ కూలింగ్ టవర్లున్నయి. అట్లాంటి చోట నడుస్తదా?

12. తీరం షిఫ్ట్

టవర్ ఉంటే నీళ్లు లోపలే తిరుగుతాయి, సముద్రం నుంచి కొత్తగా వచ్చేది మేకప్, అంటే తగ్గిన నీటికి బదులు పోసేది మాత్రమే. ఆల్కలినిటీ కొత్త నీటితోనే వస్తుంది, తిరిగే నీటితో రాదు. తిరిగే నీళ్లు ఎన్ని లక్షల ఘనమీటర్లయినా లెక్కలోకి రావు. కాబట్టి టవర్ ఉన్న చోట ఈ పద్ధతి ఒక్కటే సరిపోదు, సున్నమో కాస్టిక్ సోడానో తోడు కావాలి.

13. హుజూర్‌నగర్ సున్నపురాయి

మన దిక్కు సంగతి చెప్తా. సముద్రం లేదని బాధ పడే పని లేదు. సముద్రం బైకార్బొనేట్ రూపంలో ఇచ్చేది మనకు గుట్టల రూపంలో ఉంది. వాడపల్లి, మఠంపల్లి, హుజూర్‌నగర్, మేళ్లచెరువు దాకా సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు.

అదే 800 మెగావాట్ల లెక్క. 4.5 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్‌కు స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్ 7 టన్నులు. రాయి 90 శాతం శుద్ధి ఉంటే, 3 శాతం ఎక్కువ వేస్తే, గంటకు 8 టన్నులు. 13,600 ఘనమీటర్ల సముద్రం చేసే పనిని 1.8 టన్నుల రాయి చేస్తది. జిప్సం గంటకు 12 టన్నులు వస్తది, ఐదు యూనిట్లకు 60. సిమెంటులో 4 శాతం జిప్సం వేస్తరనుకుంటే గంటకు 1,500 టన్నుల సిమెంటుకు సరిపోతది. కొనేటోళ్లు పక్కనే ఉన్నరు.

కానీ రాయి ఏదంటే అది పనికి రాదు. సిమెంటుకు సిలికా కావాలె, అందుకే సిలికా ఉన్న రాయి వాళ్లకు ఇబ్బంది కాదు. ఎఫ్‌జీడీకి, అంటే పొగలోంచి గంధకం తీసే ప్లాంట్‌కు మాత్రం అది శత్రువు. బాల్ మిల్ లైనర్లు, స్లర్రీ పంపుల ఇంపెల్లర్లు అరిగిపోతయి, జిప్సం మురికి పడ్తది. మెగ్నీషియం డోలమైట్ రూపంలో ఉంటే కరగదు, లెక్కలో రాయి ఉంటది, పనిలో ఉండదు. క్వారీ పైపొర, లోపలి పొర వేరువేరుగా పరీక్ష చేయించాలె. 90 శాతం పొడి 44 మైక్రాన్ల జల్లెడ దాటాలె. ముతకగా ఉంటే పీహెచ్ 5.5 దగ్గర నిలవదు, ఆపరేటర్ ఇంకా రాయి గుమ్మరిస్తడు, చివరకు జిప్సంలో పచ్చి సున్నపురాయి ఎక్కువై సిమెంటు వాళ్లు లారీ వెనక్కి పంపుతరు.

నీళ్ల ఖర్చు ఇక్కడా ఉంది. 130 డిగ్రీల పొగను 50కి తడిపి చల్లబరిచేసరికి గంటకు 100 నుంచి 130 టన్నులు ఆవిరైపోతయి. సముద్రం ఒడ్డున అది లెక్కకు రాదు, ఇక్కడ ఆ 2,400 ఘనమీటర్లలోంచే పోతది. క్లోరైడ్ పేరుకోకుండా కొంత నీటిని తీసేయాలె, దాన్ని శుద్ధి చేయడం వేరే తలనొప్పి.

14. వాడపల్లి గట్టు

పైవాళ్ల లెక్కకు ఒక్క చేర్పు. 2025 జులై నోటిఫికేషన్ తర్వాత అన్ని స్టేషన్లకు ఎఫ్‌జీడీ తప్పనిసరి కాదు. స్టేషన్ ఉన్న చోటును చూసి పెట్టిన ఏ, బీ, సీ కేటగిరీలను బట్టి ఉంటది, సీ వాళ్లు చిమ్నీ ఎత్తు షరతు పాటిస్తే సల్ఫర్ డయాక్సైడ్ హద్దు నుంచి మినహాయింపు. సెమినార్‌ల 2015 హద్దులు చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పు, లేకుంటే అడుగుతరు. నా మటుకు చిమ్నీ ఎత్తు పెంచితే గంధకం తగ్గదు, దూరం పోతది అంతే.

15. జడ్చర్ల యుటిలిటీ

పెద్ద స్టేషన్ల సంగతి సరే. ఫార్మా యూనిట్లలో గంటకు 5 టన్నుల ఆవిరి ఇచ్చే బాయిలర్లు, బొగ్గు మీద నడుస్తాయి. ఆర్‌ఓ రిజెక్ట్, అంటే నీటిశుద్ధి యంత్రం వదిలేసే గాఢమైన నీళ్ల ఆల్కలినిటీ 800 దాకా ఉంటుంది. పాలమూరు ల్యాబ్ మేడమ్ చెప్పిన లెక్కన అది సముద్రం కన్నా ఏడింతలు. దాన్ని స్క్రబ్బర్‌లో వాడి కాస్టిక్ మిగుల్చుకోవచ్చా?

16. పాలమూరు ల్యాబ్

వాడొచ్చు, కానీ లెక్క చూసి దిగండి.

బొగ్గు గంటకు 900 కిలోలు, గంధకం 0.6 శాతం అనుకుంటే సల్ఫర్ డయాక్సైడ్ సుమారు 10 కిలోలు. 800 ఆల్కలినిటీ అంటే 16 మిల్లీ ఈక్వివలెంట్లు, లీటరు రిజెక్ట్ 512 మి.గ్రా. మోస్తుంది. 10 కిలోలకు 19.5 ఘనమీటర్లు కావాలి. మీ రిజెక్ట్ గంటకు 5 ఘనమీటర్లుంటే నాలుగో వంతు పని అవుతుంది. మిగతా 7.5 కిలోలకు కాస్టిక్ గంటకు 9.4 కిలోలు. ఆదా గంటకు 3 కిలోల చిల్లర, ఏడాదికి చూస్తే తక్కువేమీ కాదు.

ఇబ్బంది కాఠిన్యంతో. రిజెక్ట్‌లో కాల్షియం కూడా గాఢమై ఉంటుంది. సల్ఫైట్ కలవగానే కాల్షియం సల్ఫైట్, ఆక్సిజన్ తగిలాక జిప్సం, నాజిళ్ల చుట్టూ, ప్యాకింగ్ మీద గట్టి పొర కడతాయి. పీహెచ్ 7 పైన నడిపితే కార్బొనేట్ పొర కూడా తోడవుతుంది. 6 నుంచి 6.5 మధ్య పెట్టండి. మొత్తం కాఠిన్యం చూసి ఊరుకోకుండా కాల్షియం విడిగా కొలవండి. అది ఎక్కువుంటే, కాఠిన్యం తీసే సాఫ్ట్‌నర్ ముందు ఉన్న ఆర్‌ఓ రిజెక్ట్ వద్దు, సాఫ్ట్‌నర్ తర్వాతి ఆర్‌ఓదే తీసుకోండి. తిరిగే నీటిని పూర్తిగా మూసిన వలయంలో పెట్టకండి, బ్లోడౌన్ తీస్తూ, అంటే కొంత నీటిని బయటికి వదులుతూ ఉండాలి.

ఆ బ్లోడౌన్ భూమిలోకి గానీ వాగులోకి గానీ వదలరాదు. దాంట్లో బోరు నీటి ఫ్లోరైడ్ గాఢమై ఉంటుంది, కిలో సల్ఫర్ డయాక్సైడ్‌కు 2.2 కిలోల సోడియం సల్ఫేట్ చేరుతుంది. అది మురుగు నీటిని ఆవిరి చేసే మీ ఎంఈఈకే పోవాలి. ఎంఈఈ సామర్థ్యం ముందే నిండి ఉంటే ఈ ఆలోచన అక్కడే ఆపేయండి. సముద్రం ఒడ్డున వాడి వదిలేయగలగడం వల్లే ఆ పద్ధతి అగ్గువ. మన దగ్గర వదిలే చోటు లేదు.

17. దేవరకొండ డిప్లొమా

ఓడలల్ల కూడా ఇదే వాడుతరంట కదా?

18. తీరం షిఫ్ట్

అదే రసాయనం. 2020 నుంచి ఓడల ఇంధనంలో గంధకం 0.50 శాతం దాటకూడదు. స్క్రబ్బర్ ఉంటే ఎక్కువ గంధకమున్న నూనె కాల్చవచ్చు. వాడిన నీళ్లను తిరిగి సముద్రంలోకే వదిలే ఓపెన్ లూప్ రకంలో మెగావాట్ గంటకు సుమారు 45 ఘనమీటర్ల నీళ్లు తిరుగుతాయి. ఓడ మీద ఏరేషన్ బేసిన్‌కు చోటు లేదు, ఆమ్లపు నీళ్లు సముద్రంలోనే పలచబడాలి. వదిలే చోట పీహెచ్ 6.5 ఉండాలి, లేదా ఓడ నిలిచి ఉన్నప్పుడు 4 మీటర్ల దూరంలో 6.5 రావాలి. నూనె మసితో వచ్చే హైడ్రోకార్బన్లు, లోహాల వల్ల సింగపూర్, ఫుజైరా లాంటి రేవులు ఓపెన్ లూప్ నీళ్లు వదలనివ్వవు. అక్కడ కాస్టిక్‌తో క్లోజ్డ్ లూప్‌లోకి మారతారు.

19. మిర్యాల మెకానికల్

అందరికీ దండాలు. సెమినార్‌ల చూపెట్టడానికి చిన్న మోడల్ ఏమన్న చేయొచ్చా? సల్ఫర్ డయాక్సైడ్ సిలిండర్ కాలేజీల దొరకదు.

20. పాలమూరు ల్యాబ్

సిలిండర్ వద్దు, ప్రమాదం కూడా. రెండు బకెట్లు చాలు.

ఒక్కోదాంట్లో 20 లీటర్ల డిస్టిల్డ్ లేదా డీఎమ్ (లవణాలు తీసేసిన) నీళ్లు పోయండి. బోరు నీళ్లు వద్దు, దాని ఆల్కలినిటీ ప్రయోగాన్ని చెడగొడుతుంది. రెండింట్లోనూ 700 గ్రాముల ఉప్పు వేయండి. రెండో బకెట్‌లో మాత్రం అదనంగా 4 గ్రాముల వంటసోడా. తర్వాత ఒక్కో బకెట్‌లో 1.9 గ్రాముల సోడియం మెటాబైసల్ఫైట్ కరిగించి కలపండి. చివరగా 1 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం 20 మి.లీ. తీసుకొని, లీటరు నీళ్లలో పలచన చేసి, కలుపుతూ నెమ్మదిగా పోయండి. ఇది లీటరుకు 1 మిల్లీమోల్ సల్ఫర్ డయాక్సైడ్ కరిగించినదానికి సమానం. ఆరుబయట చేయండి, ఉబ్బసం ఉన్నవాళ్లు దగ్గర ఉండకూడదు. పొడి మెటాబైసల్ఫైట్ మీద ఆమ్లం నేరుగా పోయకండి.

రెండింట్లోనూ చేపల తొట్టి పంపుతో గాలి పెట్టి, రెండు నిమిషాలకోసారి పీహెచ్ రాయండి. ఉప్పు బకెట్ 3 దగ్గర మొదలై, సల్ఫైట్ ఆక్సీకరణ అయ్యేకొద్దీ 2.7 దాకా దిగి అక్కడే ఉండిపోతుంది. సోడా బకెట్ 6 దగ్గర మొదలై ముందు కిందికి దిగుతుంది, కంగారు పడకండి, అది రెండో హైడ్రోజన్. తర్వాత కార్బన్ డయాక్సైడ్ పోయేకొద్దీ ఎక్కి 7 దాటుతుంది. గ్రాఫ్‌లో ఆ పల్లం స్పష్టంగా రావాలంటే మొదటి ఇరవై నిమిషాలు గాలి తక్కువ పెట్టండి.

21. మిర్యాల మెకానికల్

పీహెచ్ మీటరును ఉప్పునీళ్లల్ల పెట్టేముందు 4, 7 బఫర్లతో క్యాలిబ్రేట్ చేస్తే సరిపోతదా అక్కా?

22. పాలమూరు ల్యాబ్

ఈ ప్రయోగానికి సరిపోతుంది. ఉప్పు గాఢత వల్ల విలువ కొంచెం పక్కకు పోతుంది, రెండు బకెట్లలోనూ ఒకే ఉప్పు కాబట్టి తేడా మాత్రం సరిగానే కనిపిస్తుంది. ఎలక్ట్రోడ్‌ను ఒక బకెట్ నుంచి ఇంకో బకెట్‌లోకి మార్చేటప్పుడు డిస్టిల్డ్ నీళ్లతో కడగండి, పని అయిపోయాక పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో నిలబెట్టండి.